అలసటకు ధాత్రీఫలం

క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసి చెంత మీరు నిలిపి పూజించే ఉసిరికొమ్మకు ధాత్రి, అనగా తల్లి, అని పేరు. చరకసంహిత దానిని రసాయనద్రవ్యాలలో చేర్చింది. చ్యవనప్రాశకు మూలం అదే. దేహం శ్రమించినప్పుడు కణాలను బాధించే ఫ్రీ రాడికల్స్ అధికమవుతాయి. వాటిని అణచే యాంటీ ఆక్సిడెంట్లలో సి విటమిన్ ముఖ్యమైనది. ఉసిరిలో అది సమృద్ధిగా ఉంటుంది. అది లోపిస్తే తొలుత పొడచూపేవి ఒంటికి నీరసం, మనసుకు చికాకు. శాకాహారంలోని ఇనుమును ఒంటికి పట్టించేదీ అదే. అయితే లోపం లేనివారికి ఎంత తిన్నా బడలిక తీరునని శాస్త్రం గట్టిగా చెప్పలేదు. మధుమేహులు చ్యవనప్రాశలోని చక్కెరను మరువరాదు. వారాల తరబడి అలసట వీడకుంటే ఉసిరిపచ్చడితో సరిపెట్టుకోక, వైద్యుని దర్శించి రక్తపరీక్ష చేయించుకోండి. అన్నట్టు, ఆదివారంనాడు ఉసిరి వర్జ్యమని పాటించే ఇళ్లవారు మరునాటినుంచి ఆరంభించవచ్చు.