రెండు నిమిషాల్లో ఒక మనిషి

"ప్రాథమిక పాఠశాలలో చదివే రోజుల్లో మీరు అభిమానించిన ఒక వ్యక్తి గురించి చెప్పండి." ఇంగ్లిష్‌లో మాట్లాడే పరీక్షల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నల్లో ఇదొకటి. చూడగానే ఇంతకంటే తేలిక ప్రశ్న ఉండదనిపిస్తుంది. నోరు తెరిచాకే కష్టం తెలుస్తుంది. సూరత్‌లో ఉంటూ ఇంట్లో తెలుగు, బజారులో గుజరాతీ, స్నేహితులతో హిందీ మాట్లాడే మనకైతే కష్టం మరికాస్త ఎక్కువ. ఈ ప్రశ్న ఏమి అడుగుతోంది, దానికి ఎలా సిద్ధపడాలి, మనలాంటి బదిలీ పిల్లలకు ఇది ఎందుకు ముఖ్యం అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు పరీక్ష సంగతి. మన సీబీఎస్‌ఈ 2012-13లో తొమ్మిది, పదకొండు తరగతుల వారికి ఇంగ్లిష్ వినడం, మాట్లాడడం మీద పరీక్ష మొదలుపెట్టింది. విదేశాల్లో చదవాలనుకునేవారు రాసే ఐఈఎల్‌టీఎస్‌లోనూ మాట్లాడే పరీక్ష ఉంది. అది 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలుగా సాగుతుంది. మొదటి భాగంలో మన ఊరు, చదువు, ఇష్టాల గురించి చిన్న చిన్న ప్రశ్నలు. రెండో భాగంలో ఒక కార్డు చేతికిస్తారు. దాని మీద ఒక విషయం, దాని కింద చెప్పవలసిన మూడు నాలుగు అంశాలు ఉంటాయి. ఆ మనిషి ఎవరు, మీకెలా తెలుసు, ఏం చేసేవారు, ఎందుకు అభిమానించారు అన్న తరహాలో. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు ఇస్తారు. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మనమే మాట్లాడాలి. మూడో భాగంలో అదే విషయం మీద చర్చ ఉంటుంది.

మార్కులు నాలుగు లెక్కల మీద పడతాయి. తడుముకోకుండా ఒక వరుసలో చెప్పడం, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మనం చెప్పిన మనిషి ఎంత గొప్పవారన్నదానికి మార్కులు లేవు. ఇది గుర్తుంటే సగం భయం పోతుంది. పేరున్న మనిషిని వెతుక్కోనక్కరలేదు. కలెక్టరైన పూర్వ విద్యార్థి గురించి చెప్పినా, మధ్యాహ్నం గంట కొట్టిన అటెండరు గురించి చెప్పినా పరీక్షకు ఒక్కటే.

ఇక మన మొదటి చిక్కు. "ప్రాథమిక పాఠశాల" అని కార్డు మీద ఏకవచనంలో ఉంటుంది. మనలో చాలామందికి అది బహువచనం. ఒకటో తరగతి విశాఖపట్నంలో, మూడో తరగతి నాగపూర్‌లో, అయిదో తరగతి సూరత్‌లో చదివినవారు మనలో ఉన్నారు. అసలు కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే ఇందుకోసం. బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల చదువు మధ్యలో తెగిపోకూడదని రెండవ వేతన సంఘం సూచిస్తే, 1962లో ప్రభుత్వం ఆ పథకానికి ఒప్పుకుంది. 1963లో సైనిక కేంద్రాల్లోని 20 బడులతో మొదలైన ఆ వ్యవస్థ ఇప్పుడు కాఠ్మండు, మాస్కో, టెహ్రాన్ దాకా వెళ్లింది. ఎక్కడికి వెళ్లినా అవే పాఠాలు, అదే యూనిఫాం. టీసీ తీసుకుని ఇంకో ఊళ్లో చేరితే పుస్తకంలో పాఠం ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుంటాం. మనుషులు మాత్రం అలా అందరు. పుస్తకం వెంట వస్తుంది, దాన్ని చెప్పిన టీచరు అక్కడే ఉండిపోతారు. కొన్నాళ్లకు వారికీ బదిలీ అవుతుంది.

ఇదే సూరత్‌లో ఇంకో రకం తెలుగు పిల్లలున్నారు. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన నేత కుటుంబాల పిల్లలు వాళ్లు. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. తపతి ఒడ్డున 'అ ఆ'లు దిద్దిన ఆ పిల్లలు తమ ఒకటో తరగతి టీచరును రేపు బజారులో చూడవచ్చు, నమస్కారం పెట్టవచ్చు, మరిచిపోయిన సంగతి అడగవచ్చు. మనకు ఆ వీలు తక్కువ. మన దగ్గరున్నది జ్ఞాపకం ఒక్కటే. కాబట్టి దాన్ని జాగ్రత్తగా చెప్పడం నేర్చుకోవాలి.

రెండో చిక్కు "అడ్మైర్" అన్న మాట. దానికి సరిగ్గా సరిపోయే ఒక్క తెలుగు మాట లేదు. ఇష్టం ఉంది, గౌరవం ఉంది, మెచ్చుకోలు ఉంది, అభిమానం ఉంది. చాక్లెట్లు పంచిన అంకుల్ అంటే ఇష్టం. ప్రిన్సిపాల్ గారంటే గౌరవం, కొంచెం భయం కూడా. "అడ్మైర్" వీటికి కాస్త అవతల ఉంటుంది. ఒకరిలో ఒక గుణం చూసి, అది మనకూ ఉంటే బాగుండునని లోపల అనుకోవడం అది. అందుకే మనిషిని ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటే చాలు. "వారిని చూసి నేర్చుకున్నది ఏదైనా నేను ఇప్పటికీ చేస్తున్నానా?" జవాబు దొరికిన చోట మనిషి దొరికినట్టే. అది టీచరే కానక్కరలేదు. ఆయమ్మ కావచ్చు, బస్సు డ్రైవరు కావచ్చు, పక్క బెంచీ నేస్తం కూడా కావచ్చు.

మనిషి దొరికాక చాలామంది చేసే పని పొగడ్త. చాలా మంచివారు, చాలా దయగలవారు, కొవ్వొత్తిలా తాను కరిగి వెలుగునిచ్చారు అని. ఈ మాటలు ఏ ఊళ్లో ఏ టీచరుకైనా సరిపోతాయి. అందుకే వాటి వెనక మనిషి కనిపించడు. పైగా నాలుగు పొగడ్తలయ్యేసరికి ముప్పై సెకన్లు కూడా గడవవు, చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

అబ్దుల్ కలాం గారు తన చిన్ననాటి ఉపాధ్యాయుణ్ని ఎలా గుర్తుచేసుకునేవారో చూడండి. రామేశ్వరంలో అయిదో తరగతి చదువుతున్నప్పుడు శివసుబ్రమణ్య అయ్యర్ గారు పక్షి ఎలా ఎగురుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారట. అర్థం కాలేదని పిల్లలన్నారట. ఆయన కోప్పడలేదు. పిల్లలందరినీ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, ఎగిరే పక్షులను చూపిస్తూ పాఠం మళ్లీ చెప్పారట. కలాం గారు పెద్దయ్యాక మద్రాసులో విమాన నిర్మాణ శాస్త్రం చదివారు. ఈ కథలో "మంచి గురువు" అన్న మాట ఎక్కడా అక్కరలేదు. బోర్డు, సముద్రం, పక్షులు, మళ్లీ చెప్పిన పాఠం. ఈ నాలుగూ వింటే ఆ గురువు ఎలాంటివారో వినేవారికే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ కల్పించుకుని చేసి చూద్దాం. రైల్వే ఉద్యోగి కూతురు ఒకమ్మాయి మూడో తరగతి మధ్యలో విజయవాడ నుంచి సూరత్ వచ్చింది అనుకుందాం. హిందీ రాదు, క్లాసులో నోరు విప్పదు. ఆ టీచరు గోడ మీది భారతదేశ పటం దగ్గరికి పిలిచి, "నువ్వు ఏ బండిలో వచ్చావు?" అని అడిగింది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో. ఆ రోజు నుంచి రోజుకొక స్టేషన్. ఖమ్మం, వరంగల్, బల్లార్షా, వార్ధా, భుసావల్, జలగావ్, నందుర్బార్. స్టేషన్ పేరు చెప్పి, అక్కడ చూసిందో తిన్నదో ఒక్క వాక్యం హిందీలో చెప్పాలి. మొదట్లో "యహా చాయ్ హై" అన్నంత వరకే. బండి సూరత్ చేరేసరికి ఆ అమ్మాయి క్లాసు ముందు నిలబడి మాట్లాడుతోంది. ఇప్పుడు పదకొండో తరగతిలో ఉన్నా, కొత్తగా ఎవరైనా చేరితే ముందు తనే వెళ్లి "ఏ బండిలో వచ్చావు?" అని అడుగుతుంది.

ఒక నిమిషంలో కాగితం మీద ఇదంతా రాయలేం, రాయకూడదు కూడా. నాలుగు మాటలు చాలు: పటం, బండి, చాయ్, ఇప్పుడు. మొదటి మాటతో మనిషిని, చోటును పరిచయం చేయాలి. రెండో మాటతో ఆమె ఏం చేసేదో చెప్పాలి. మూడోదానితో ఒక్క రోజు జరిగింది కళ్లకు కట్టించాలి. నాలుగోదానితో ఎందుకు అభిమానమో చెప్పాలి. ఒక్కో మాటకు నాలుగైదు వాక్యాలు వేసుకుంటే రెండు నిమిషాలు నిండుతాయి. కంఠస్థం చేసిన జవాబు ఇంత బాగా పనికిరాదు. మధ్యలో ఒక వాక్యం మరిచిపోతే మొత్తం కూలిపోతుంది. "ఆ టీచరు ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగితే అందులో సమాధానం ఉండదు.

ఇక భాష. మన తెలుగు ఇక్కడ మనకు మూడు చోట్ల అడ్డం వస్తుంది, ఒక చోట సాయం చేస్తుంది.

మొదటిది గౌరవం. తెలుగులో "మేడమ్ వచ్చారు", "సార్ వచ్చారు" అంటాం. క్రియ చూస్తే ఆడవారో మగవారో తెలియదు. ఆ అలవాటుతో ఇంగ్లిష్‌లో "షి" అనవలసిన చోట "హి" అని జారుతుంది. కొందరు గౌరవం కోసం "దే" అంటారు. ఒక్కరి గురించి చెప్తూ "దే" అంటే వినేవారు చాలామంది అనుకోవచ్చు. ఇంగ్లిష్‌లో గౌరవం క్రియలో ఉండదు, మనం చెప్పే సంగతిలో ఉంటుంది. "షి" అంటే అమర్యాద అవుతుందని జంకనక్కరలేదు.

రెండోది కాలం. చిన్ననాటి సంగతి చెప్తూ "షి ఈజ్ ఆస్కింగ్ మి" అనేస్తాం. అది ఇప్పుడు జరుగుతున్నట్టు వినిపిస్తుంది. తెలుగు సాయం చేసేది ఇక్కడే. "అడిగేవారు", "చెప్పేవారు", "నవ్వేవారు" అని మనం ఎంత సహజంగా అంటాం! మనసులో "-ఏవారు" వచ్చిన ప్రతిచోటా ఇంగ్లిష్‌లో "యూజ్డ్ టు" కానీ "వుడ్" కానీ పెట్టాలి. ఒక్కసారే జరిగినదానికి, అంటే మనసులో "అడిగారు" అని వచ్చినచోట, "ఆస్క్‌డ్" అనాలి. ఈ రెండూ కలిపి వాడితే వ్యాకరణానికి మార్కులు పెరుగుతాయి, కథ కూడా కుదురుగా నడుస్తుంది.

మూడోది మన ఊరి మాటలు. గుజరాత్‌లో టీచరమ్మ పేరు చివర "బెన్" అంటారు, అక్క అన్నట్టు. మనవైపు చిన్నపిల్లలను చూసుకునే ఆవిడను "ఆయమ్మ" అంటాం. ఆ మాటలను వదులుకోనక్కరలేదు. ఒక్కసారి అర్థం చెప్పి, తర్వాత ధైర్యంగా వాడవచ్చు. తెలియని మాటను తెలిసిన మాటలతో వివరించగలగడం కూడా భాష వచ్చినట్టే లెక్క.

మూడో భాగంలో ప్రశ్నలు మన మనిషిని దాటి బయటికి వెళ్తాయి. చిన్నపిల్లలు ఎవరిని ఆదర్శంగా తీసుకుంటారు, మంచి టీచరుకు ఉండవలసిన లక్షణాలేమిటి, పాతకాలం బడికీ ఇప్పటి బడికీ తేడా ఏమిటి అన్నట్టు. ఇక్కడ బదిలీ పిల్లలకు ఒక మేలుంది. మూడు రాష్ట్రాల బడులు చూసినవాళ్లం. "అక్కడ అలా ఉండేది, ఇక్కడ ఇలా ఉంది" అని పోల్చి చెప్పడానికి మన దగ్గర సొంత సరుకుంది. ఒకే ఊళ్లో చదివినవారు ఊహించి చెప్పవలసినది మనం చూసి చెప్పగలం.

ఇప్పుడొక పని. ఈ ఆదివారం అమ్మానాన్నల దగ్గర కూర్చుని, ఇప్పటిదాకా చదివిన ఒక్కో బడికి ఒక్కో మనిషి పేరు రాసుకోండి. పేరు గుర్తులేకపోతే అమ్మకు గుర్తుండవచ్చు. పాత రిపోర్టు కార్డు మీద సంతకం ఉండవచ్చు, గ్రూపు ఫొటో వెనక రాసి ఉండవచ్చు. పేరు పక్కన వారు చేసిన ఒక్క పని రాయండి. బాగా చెప్పేవారు, ప్రేమగా చూసేవారు అని కాకుండా, వీడియో తీస్తే కనబడే పని. తర్వాత గడియారం పెట్టుకుని ఇంట్లో ఎవరికైనా రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పండి. విన్నవారు "ఆవిడ ఆ తర్వాత ఏం చేసింది?" అని అడిగితే మీరు బాగా చెప్పినట్టే.

ఎలాగూ పాత ఊరి నంబరు ఎవరి దగ్గరైనా దొరికితే, ఆ రెండు నిమిషాలూ ఆ టీచరుకే ఫోన్ చేసి చెప్పండి. తెలుగులోనో, హిందీలోనో, వారికి ఏ భాష వస్తే ఆ భాషలో. మనం వెళ్లిపోయాక మన సంగతి వారికి తెలిసే దారి లేదు. ఎక్కడో సూరత్‌లో ఒక పిల్ల ఇంగ్లిష్ పరీక్షలో తన గురించి చెప్పిందని వింటే, వారికీ సంతోషంగానే ఉంటుంది.