విషపు పూవులో కాపురం

పిల్లలూ! మా ఆలూరు నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా మూడు వందల కిలోమీటర్లు దాటాలి. అయినా మొన్న పదో తరగతి కుర్రవాడొకడు ఇలా అడిగాడు: "సార్, ‘ఫైండింగ్ నీమో’ సినిమాలో చేపపిల్లకు తల్లి చచ్చిపోతుంది గదా! నిజంగా అయితే ఆ తర్వాత ఏమౌతుంది?"

2003లో వచ్చిన ఆ సినిమాలోనిది క్లౌన్ ఫిష్. మనం కోణంగి చేప అందాం. నారింజరంగు ఒంటిపై తెల్లని పట్టీలు; అరచేతిలో ఇమిడేంత చేప. వీటిలో ఇంచుమించు 30 జాతులున్నాయి. మన దేశంలో అండమాన్, లక్షద్వీపాల పగడపు దిబ్బల్లోనూ, మన్నార్ సింధుశాఖలోనూ కనిపిస్తాయి.

దీని ఇల్లు సముద్రపుష్పం. పేరుకు పుష్పమే గాని అది జంతువు. దాని స్పర్శకాల నిండా దంశకణాలుంటాయి. తగిలిన చిన్న చేపకు విషం ఎక్కుతుంది. దురదగొండి ఆకు తగిలితే మనకేమౌతుందో తెలుసు గదా! ఇది అంతకన్నా ఘోరం. కాని కోణంగి చేప ఒంటిపై ఉండే జిగురుపొర ఆ కణాలను రెచ్చగొట్టదు. అందుచేత శత్రువు రాలేని చోట అది నిశ్చింతగా నిద్రపోతుంది. బదులుగా పుష్పాన్ని కొరికితినే చేపలను తరిమివేస్తుంది. దాని మలమూత్రాలు పుష్పంలోని సూక్ష్మ శైవలాలకు ఎరువౌతాయి. దీనినే సహజీవనం అంటాము.

ఒక పుష్పంలో ఒకే కుటుంబం. అన్నిటికన్నా పెద్దది ఆడచేప, రెండవది మగచేప, మిగిలినవి గుడ్లు పెట్టని చిన్నవి. ఆడది పుష్పం మొదట్లో రాతిపై వందలాది గుడ్లు పెడుతుంది. మగది రెక్కలతో వాటికి నీరు విసురుతూ కాపలా కాస్తుంది. సుమారు వారం రోజులకు రాత్రివేళ పిల్లలు బయటపడి, ప్లవకాలతో కలిసి కొట్టుకుపోతాయి.

ఆడది చనిపోతే? మగచేపే ఆడచేపగా మారుతుంది! చిన్నవాటిలో పెద్దది మగదౌతుంది. హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే అనే శాస్త్రవేత్తలు 1977లో దీనిని వివరించారు. జత కోసం పుష్పం విడిచి వెతుకుతూ పోతే దారిలోనే పెద్ద చేపలకు ఆహారమౌతుంది. ఇంట్లోనే జత దొరికితే ఆ ముప్పు లేదు. పైగా ఆడది ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ గుడ్లు పెట్టగలదు. చిన్నవి తమ పెరుగుదలను తామే అదుపులో పెట్టుకుంటాయని 2003లో పీటర్ బస్టన్ చూపించాడు. పైదానితో సమానంగా పెరిగితే ఇంటినుంచి గెంటివేత తప్పదు మరి!

అయితే ఇప్పుడు ఆ ఇంటికే ముప్పు వచ్చింది. నీరు మితిమీరి వేడెక్కితే శైవలాలు వెళ్లిపోయి పుష్పం తెల్లబారుతుంది. 1998లో లక్షద్వీపాల్లో పగడాలు అలాగే తెల్లబారాయి. 2016లో పసిఫిక్‌లోని మోరియా దీవి వద్ద, తెల్లబారిన పుష్పాల్లోని కోణంగి చేపలు గుడ్లు పెట్టడం బాగా తగ్గించాయి.

మా కుర్రవాడికి జవాబు దొరికింది: నిజంగా అయితే నీమో తండ్రి తల్లిగా మారేవాడు. ఇంటి పెద్ద పోయినా ఆ కుటుంబం నిలబడుతుంది. ఇల్లే పోతే మాత్రం నిలబడలేదు.