ఆయన గాయానికీ ఓ లెక్కుంది!

'మావారికి మిలిటరీ పెన్షను వస్తోందిగా, ఇంకేం కావాలి?' మాజీ సైనికుల ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది. మోకాలు దెబ్బతిని ఇంటికొచ్చినా, చెవి సరిగా వినపడకపోయినా అది తమ తలరాత అనుకుని సరిపెట్టుకుంటారు. కానీ ఆ వైకల్యం ఉద్యోగం వల్ల వచ్చిందైతే మామూలు పెన్షనుతోపాటు వైకల్య పెన్షను కూడా రావాలి. అది దయాదాక్షిణ్యం కాదు, హక్కు.

యుద్ధంలోనే తగలాలా?

అక్కర్లేదు. డ్యూటీలో జరిగిన ప్రమాదమైనా, ఉద్యోగం వల్ల వచ్చిన లేదా ముదిరిన జబ్బైనా సరే. వైకల్యం ఎంత శాతమో, దానికీ ఉద్యోగానికీ సంబంధం ఉందో లేదో మెడికల్ బోర్డు రాస్తుంది. సర్వీసు పూర్తిచేసుకుని వచ్చినవారికి కనీసం 20 శాతం ఉండాలి. యుద్ధంలో గాయపడితే వచ్చే మొత్తం ఇంకా ఎక్కువ.

లెక్క ఇలా...

నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40 వేలైతే 12 వేలన్నమాట. 30 శాతం వైకల్యముంటే 3,600 రావాలి. అయితే 50 లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కించే పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం 6,000 వస్తుంది. సర్వీసు పూర్తిచేసినవారికీ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి, ఆ తర్వాత బయటికొచ్చినవారు తమకేది వర్తిస్తుందో అడిగి తెలుసుకోవాలి.

'కుదరదు' అంటే?

ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరారు. మూర్ఛ వస్తోందని 1994లో ఇంటికి పంపేశారు. జబ్బుకీ ఉద్యోగానికీ సంబంధం లేదంటూ వైకల్య పెన్షను ఇవ్వలేదు. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టు రాసుకున్నప్పుడు, ఆ తర్వాత వచ్చిన జబ్బు ఉద్యోగం వల్ల కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమేనని 2013లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి కాదన్న ఉత్తరం వచ్చిందని నీరుగారిపోకండి. అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది.

కాగితాలు జాగ్రత్త

డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు, పెన్షను ఆర్డరు, తిరస్కరణ ఉత్తరం... నాలుగూ ఒకే ఫైల్లో పెట్టండి. పెన్షను ఆర్డర్లో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఉద్యోగం వల్ల వచ్చిన ఆ జబ్బుతోనే ఆయన కన్నుమూస్తే భార్యకు మామూలు కుటుంబ పెన్షను కన్నా ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. అప్పుడు సాక్ష్యం ఈ కాగితాలే. అర్థంకాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. దరఖాస్తు ఎలా రాయాలో చెబుతారు.

ఒక్క మాట. తర్సేమ్ సింగ్ అనే సైనికుడు 1983లో ఇంటికొచ్చి 1999లో కోర్టుకెళ్లారు. పెన్షను దక్కింది కానీ, పాత బకాయి మూడేళ్లకే ఇవ్వాలని 2008లో సుప్రీంకోర్టు అంది. మిగతా ఏళ్ల డబ్బు పోయినట్టే. అందుకే 'చూద్దాంలే' అనకండి. అటకమీది ట్రంకుపెట్టె ఈ ఆదివారమే కిందికి దించండి!