పట్టా లేని ప్రొఫెసర్లు

కాలిఫోర్నియా తీరాన కార్పింటీరియా అని ఒక చిన్న ఊరుంది. అక్కడి పసిఫికా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్‌లో పురాణగాథల మీద పీహెచ్‌డీ చేయవచ్చు. కలల అర్థం, అచేతన మనసు లోతులు, దేవతల కథల వెనక దాగిన మనిషి కథ అక్కడి పాఠాలు. డెప్త్ సైకాలజీ అంటే ఇదే. అరుగు మీద కూర్చుని కథలు చెప్పే మన తాతలకు ఈ మాట చెబితే, "దీనికీ పట్టా ఇస్తారట్రా?" అని నవ్వుతారు. అసలు తమాషా ఏమిటంటే, ఈ చదువులకు పెద్దదిక్కయినవాళ్ళలో చాలామందికి ఆ పట్టాలే లేవు. వాళ్ళలో కొందరి ఊళ్ళు దక్షిణ తమిళనాట ఒట్టపిడారం, కోవిల్‌పట్టి, విరుదునగర్ పక్కల ఉన్నాయి. కొందరిది మన తెలుగే.

★

'వెయ్యి ముఖాల వీరుడు' సిద్ధాంతంతో ప్రపంచ పురాణాలన్నిటినీ ఒక్క దారానికి గుచ్చిన జోసెఫ్ క్యాంప్‌బెల్‌కు పీహెచ్‌డీ లేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. అయ్యాక డాక్టరేట్ మాట వదిలేసుకున్నాడు. 1934 నుంచి 1972 దాకా సారా లారెన్స్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆయన సొంత పుస్తకాలు ఇప్పుడు పసిఫికా ఆవరణలోనే భద్రంగా ఉన్నాయి. పీహెచ్‌డీ వద్దనుకున్నవాడి పుస్తకాల మధ్య కూర్చుని పిల్లలు పీహెచ్‌డీలు రాసుకుంటున్నారు.

★

ఆ లెక్కన చూస్తే మన కి.రా. ఇంకా ఘనుడు. కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే పల్లెలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టాడు. బడి మధ్యలోనే మానేశాడు. సేద్యం చేశాడు, రైతుల పోరాటాల్లో తిరిగాడు, ముప్పై దాటాకే కథలు రాయడం మొదలుపెట్టాడు. నల్లరేగడి నేల మనుషుల మాటలకు ఒక నిఘంటువు కూర్చాడు. తమిళంలో ప్రాంతీయ నిఘంటువులకు దారి చూపించింది ఆ పుస్తకమే. పల్లెపల్లెనా తిరిగి జానపద కథలు పోగేశాడు, బడాయి కథలూ బూతు కథలూ కూడా వదల్లేదు. జానపద విజ్ఞానం పేరుతో పండితులు కత్తిరించి పారేసేదంతా ఆయన సంచిలో ఉంది.

1980ల చివర్లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ని జానపద సాహిత్యానికి ప్రొఫెసరుగా పిలిచింది. బడి చదువు పూర్తికాని మనిషి పోస్ట్ గ్రాడ్యుయేట్లకు పాఠం చెప్పాడు. మన విశ్వవిద్యాలయాల్లో అలాంటి నియామకం ఇంకోటి జరిగితే ముందు కోర్టులో కేసు పడుతుంది, పాఠం తర్వాత సంగతి. 1991లో కి.రా.కు 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన చిన్ననాటి స్నేహితుడు కు. అళగిరిసామిదీ అదే పల్లె. ఆయనకూ చనిపోయాక 1970లో అకాడమీ అవార్డు దక్కింది. ఒకే పల్లె, రెండు అకాడమీ అవార్డులు!

★

కి.రా. 'గోపల్ల గ్రామం'లో ఒక వలస కథ ఉంది. తెలుగు దేశంలో ఒక అందగత్తెను నవాబు కోరాడు. ఆమెను ఇవ్వడం ఇష్టం లేక బంధువర్గమంతా రాత్రికి రాత్రి దక్షిణానికి పారిపోయింది. వెనక సైనికులు, ముందు నిండు ఏరు. అప్పుడు గట్టు మీది చెట్టు వంగి వంతెనయింది. ఇది నవలాకారుడి ఊహ కాదు. వందేళ్ళకు పూర్వమే ఎడ్గర్ థర్‌స్టన్ తన కులాలు-తెగల గ్రంథంలో తొట్టియ నాయకర్ల గురించి ఇలాంటి కథే నమోదు చేశాడు. వాళ్ళను కాపాడినవి కానుగ చెట్లు. అందుకే ఆ కులంవాళ్ళకు కానుగ పూజ్యం. ఏరు దాటడం, వెనక శత్రువు, ప్రకృతి దారి ఇవ్వడం అన్నవి మోషే కథలోనూ ఉన్నాయి, వసుదేవుడి కథలోనూ ఉన్నాయి. క్యాంప్‌బెల్ చూసి ఉంటే కానుగను కూడా దారానికి గుచ్చేవాడు.

★

ఒట్టపిడారం పక్కనే పాంచాలంకురిచ్చి. తెలుగు మాట్లాడే నాయకర్ల వంశంలో పుట్టిన వీరపాండ్య కట్టబొమ్మన్ కోట అక్కడే. కుంఫిణీ వాళ్ళు అతన్ని 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. ఆ వంశపు ఇలవేల్పు జక్కమ్మ. తమిళనాట తెల్లవారుజామున చిన్న డమరుకం మోగిస్తూ వీధుల్లో జోస్యం చెబుతూ తిరిగే కంబళ నాయకర్ల నోట ఇవాళ్టికీ వినిపించే పేరు ఆమెదే. మన బుడబుక్కలవాళ్ళ అన్నదమ్ములే వీళ్ళు.

★

ఒట్టపిడారంలో 1872లో పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్ళై అంటే మనకు స్వదేశీ ఓడల కంపెనీ గుర్తొస్తుంది. ఆయనకు మరో ముఖం ఉంది. 1908లో ప్రభుత్వం రాజద్రోహం కింద రెండు యావజ్జీవ శిక్షలు వేసి, కోయంబత్తూరు జైల్లో ఎద్దుల బదులు ఆయన చేత గానుగ తిప్పించింది. ఆ జైలు రోజుల్లోనే ఆయన జేమ్స్ ఆలెన్ పుస్తకాలను తమిళంలోకి తెచ్చే పని పట్టుకున్నాడు. మన ఆలోచనలే మన బతుకును మలుస్తాయని చెప్పిన ఇంగ్లండు రచయిత ఆలెన్. 'మనం పోల వాళ్వు', 'అగమే పురమే' ఆ వరుసలోవి. ఆలెన్ రాసింది డెప్త్ సైకాలజీ కాదు. ఇవాళ్టి వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు ముత్తాత అనుకోవచ్చు. ఆ పుస్తకాలంటే నాకు పెద్ద గౌరవం లేదు కానీ గానుగ తిప్పిన చేత్తో రాసినవాటిని తేలిగ్గా తీసెయ్యలేను. చివరి రోజుల్లో పిళ్ళై శైవ సిద్ధాంతానికి మూలమైన 'శివజ్ఞాన బోధం'కు వ్యాఖ్య రాశాడు. తిరుక్కురళ్‌కూ రాశాడు.

★

ఇప్పటి విరుదునగర్ జిల్లాలో తిరుచ్చుళి ఉంది. 1879 డిసెంబరు 30న అక్కడ వెంకటరామన్ పుట్టాడు. పదహారేళ్ళకు మదురైలో మరణభయం ముంచుకొస్తే పడుకుని, చచ్చేది ఎవరో తనలో తానే వెతికి చూసుకున్నాడు. వారాల్లో బడి వదిలి తిరువణ్ణామలై చేరాడు. ఆ కుర్రాడికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది బొబ్బిలి ప్రాంతపు కలువరాయిలో పుట్టిన మన కావ్యకంఠ గణపతి ముని. సంస్కృతంలో ఆశువుగా కవిత్వం చెప్పి నవద్వీప పండితుల చేత 'కావ్యకంఠ' బిరుదు పొందినవాడు. అంతటి పండితుడు 1907లో కొండ మీది విరూపాక్ష గుహకు వెళ్ళి, పదో తరగతి కూడా పూర్తిచేయని యువకుడి కాళ్ళు పట్టుకున్నాడు. రమణులు తెలుగు నేర్చుకుని 'ఉపదేశ సారం' తెలుగులో తామే రాసుకున్నారు. ఆశ్రమంలో రోజూ జరిగే సంభాషణలను ఉత్తరాలుగా అన్నగారికి పంపిన సూరి నాగమ్మ గారు రాసింది కూడా తెలుగులోనే.

★

డెప్త్ సైకాలజీ మూలపురుషుల్లో ఒకడైన కార్ల్ యుంగ్ 1937 చివర్లో భారతదేశం వచ్చాడు. అలహాబాదు, కాశీ, కలకత్తా విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. కలకత్తాలో విరేచనాలు పట్టుకుని పది రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. తర్వాత దక్షిణానికి వచ్చాడు కానీ రమణులను చూడలేదు. అలాంటి మహాత్ములు ఈ దేశపు నిత్యజీవితంలో ఎక్కడ చూసినా తగులుతూనే ఉంటారని, ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదనిపించిందని తర్వాత రాసుకున్నాడు. తిరిగి వెళ్ళగానే ఆయన స్నేహితుడు, భారతీయ తత్వ పండితుడు హైన్‌రిష్ జిమ్మర్ మొదట అడిగిన ప్రశ్న రమణుల గురించే. పాపం, జిమ్మర్ జీవితంలో ఒక్కసారి కూడా ఇండియా రాలేకపోయాడు. 1943లో పోయాడు. మరుసటి ఏడాది యుంగ్ ముందుమాటతో వెలువడిన జిమ్మర్ పుస్తకం రమణ బోధ గురించినదే. ఆత్మను వెతికిన శాస్త్రవేత్త తిరువణ్ణామలై దాకా వెళ్ళకపోవడం, ఎన్ని కారణాలు చెప్పినా, నాకు జంకులాగే కనిపిస్తుంది.

★

1931లో, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ డెబ్బై అయిదో పుట్టినరోజుకు కలకత్తా నుంచి దంతపు విష్ణుమూర్తి బహుమతిగా వెళ్ళాడు. పంపింది గిరీంద్రశేఖర్ బోస్ 1922లో స్థాపించిన భారతీయ మనోవిశ్లేషణ సంఘం. వియన్నా వాతావరణానికి బొమ్మ బీటలు వారింది.

★

థియొసాఫికల్ సొసైటీ అధ్యక్షుడు కర్నల్ ఆల్కాట్ 1881లో సింహళ బౌద్ధులను వెంటబెట్టుకుని తిరునెల్వేలి వచ్చి, గుడి ఆవరణలో స్నేహానికి గుర్తుగా కొబ్బరి మొక్క నాటించాడు. ఆ మరుసటి ఏడాదే సొసైటీ ప్రధాన కేంద్రం బొంబాయి నుంచి మద్రాసు అడయారుకు మారింది. సొసైటీ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ మనసు మద్రాసు మీదకు మళ్ళించినవాళ్ళలో ముఖ్యుడు కాకినాడలో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావు. వృత్తి మద్రాసులో వకీలు. 1886లో అడయారులో భగవద్గీత మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు ఇప్పటికీ అచ్చులో ఉన్నాయి. మనిషిని ఏడు తత్వాలుగా విడగొట్టిన బ్లావట్‌స్కీతో, తారక రాజయోగం ప్రకారం నాలుగే చాలని తగువు పెట్టుకున్నాడు. ఆమె తన మహాగ్రంథం రాతప్రతిని దిద్దమని పంపితే చేయనన్నాడు. 1890లో, నిండా ముప్పై నాలుగేళ్ళు రాకుండానే పోయాడు.

★

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి లండన్ మెట్రిక్యులేషన్ పదేపదే తప్పాడు. 1924లో ఒక ఓడ ప్రయాణంలో అతనితో పరిచయమైన అమెరికన్ కుర్రాడు క్యాంప్‌బెల్. బుద్ధుడి జీవితం మీద ఎడ్విన్ ఆర్నాల్డ్ రాసిన కావ్యం కుర్రాడి చేతికి అందింది కూడా ఆ ఓడ మీది ఆ బృందం నుంచే. తూర్పు దేశాల మీద అతని ఆసక్తి అక్కడ మొదలైంది. కృష్ణమూర్తి కాపురముండి, 1986లో కన్నుమూసిన ఒహాయి లోయ నుంచి కార్పింటీరియా కారులో కాసేపటి దూరం.

★

విశ్వవిద్యాలయాల్లోపల కూడా ఈ చదువులకు చోటు దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో మనోవిజ్ఞానం, పరామనోవిజ్ఞానం కలిపి ఒక శాఖ పెట్టించింది కోనేరు రామకృష్ణారావు. అమెరికాలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు, తర్వాత అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. 2011లో పద్మశ్రీ వచ్చింది. అతీంద్రియ శక్తుల మీద ఆ పరిశోధనలను శాస్త్రలోకం చాలామటుకు ఒప్పుకోలేదు. ఆ సంగతి దాచనక్కర్లేదు. అదే ఆవరణలో తెలుగు పాఠాలు చెప్పిన ఎక్కిరాల కృష్ణమాచార్యులు 1971లో విశాఖలో వరల్డ్ టీచర్ ట్రస్ట్ స్థాపించి, జ్యోతిషం, యోగం, హోమియోపతి కలిపి యూరప్ దాకా మోసుకెళ్ళాడు. ఆయన యోగమార్గానికి మూలపురుషుడు మాస్టర్ సి.వి.వి. కుంభకోణంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంవాడు. 1910లో తన యోగాన్ని బోధించడం మొదలుపెట్టాడు.

★

కోవిల్‌పట్టికి దగ్గర్లో ఎట్టయపురం ఉంది. తెలుగు మాట్లాడే పాలెగాళ్ళ సంస్థానం. ముత్తుస్వామి దీక్షితులు 1835 దీపావళి నాడు అక్కడే తుదిశ్వాస విడిచారు. ఆయన శ్రీవిద్యోపాసకులు. తొమ్మిది త్రికోణాలు ఒకదాన్నొకటి కోసుకుంటే నలభై మూడు చిన్న త్రికోణాలు ఏర్పడే శ్రీచక్రాన్ని, దాని తొమ్మిది ఆవరణలను, తిరువారూరు కమలాంబ మీద తొమ్మిది కీర్తనల్లో పొదిగారు. మొదటి ఎనిమిదీ వరసగా ఎనిమిది విభక్తుల్లో సాగుతాయి. తొమ్మిదోది, ఆహిరి రాగంలో, అన్ని విభక్తులనూ కలిపేసుకుంటుంది. గురువు చెవిలో చెప్పే రహస్య విద్యను కచేరీలో అందరి ముందూ పాడుకునేలా చేశారన్నమాట. వినేవాడికి అది సంగీతం, తెలిసినవాడికి పాఠం.

ఆ కీర్తనలు మనదాకా వచ్చిన దారి కూడా ఎట్టయపురం నుంచే. దీక్షితుల తమ్ముడు బాలస్వామి అక్కడి ఆస్థాన విద్వాంసుడు. బాలస్వామి దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువరించారు. స్వరలిపితో, గమకాల గుర్తులతో వేయి పుటలు దాటిన గ్రంథం. ఖర్చు ఎట్టయపురం సంస్థానానిది, అచ్చు ఆ ఊరి విద్యావిలాసిని ప్రెస్‌ది, భాష, లిపి తెలుగు. తమిళ విద్వాంసులకు అది తమిళ లిపిలో అందడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది.

ఎట్టయపురం వెళ్ళేవాళ్ళు సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఇల్లు చూసి బస్సెక్కేస్తుంటారు. మీరు వెళితే ముత్తుస్వామి దీక్షితుల సమాధి దగ్గరా కాసేపు ఆగండి, అదీ ఆ ఊళ్ళోనే ఉంది.