‘కి’ అంటే ‘టు’... అన్నిసార్లూ కాదు!

‘నరసరావుపేట టు మాచర్ల’ అనడానికి ఎవరూ తడుముకోరు. అదే ‘టు’ పరీక్షలోనో, ఇంటర్వ్యూలోనో ఎదురైతే మాత్రం తడబాటే. ఎందుకని?

ఇంగ్లిషు రానివాళ్లు కూడా రోజూ వాడే ఇంగ్లిషు మాటల్లో ‘టు’ ఒకటి. పల్నాట ఏ బస్టాండులో నిలబడినా ‘పేట టు మాచర్ల’, ‘మాచర్ల టు గురజాల’ అనడం మామూలే. ఇంటి గేటుకు ‘టు-లెట్’ బోర్డు, కవరు మీద ‘ఫ్రమ్’, ‘టు’, ఎన్నికలొస్తే ‘డోర్ టు డోర్’ ప్రచారం... బడి మొహం చూడని అవ్వకీ అర్థమయ్యే మాటలే.

అదే మాటను ఖాళీలో నింపమంటే పదో తరగతి పిల్లాడి పెన్ను ఆగిపోతుంది. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ పట్టాతో హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు కూర్చున్నవాళ్లకీ అక్కడే గొంతు తడారిపోతుంది. తప్పు వస్తుందేమోనన్న భయంతో తెలిసిన నాలుగు ముక్కలూ నోరు దాటవు. నిజానికి లోపం తెలివిలో లేదు. తెలుగుది ఒక లెక్క, ఇంగ్లిషుది ఇంకో లెక్క... అంతే!

వెనకొకరు... ముందొకరు

తెలుగులో విభక్తి పేరు చివర అంటుకుంటుంది: మాచర్లకి. ఇంగ్లిషులో పేరు ముందు నిలబడుతుంది: టు మాచర్ల. ‘ప్రిపొజిషన్’ అంటేనే ముందు ఉంచేది అని అర్థం. విచిత్రమేమిటంటే, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులోనూ మనలాగే పేర్ల చివర విభక్తి ప్రత్యయాలుండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి. వాటి పని చాలావరకు టు, ఆఫ్, ఫర్ లాంటి చిన్న మాటల నెత్తిన పడింది.

మన వ్యాకరణమూ తక్కువ తినలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) నుంచి బడిపిల్లలు వల్లెవేస్తున్న పట్టికలో ‘కొఱకున్, కై’ చతుర్థి. ‘కిన్, కున్’ షష్ఠి. వాడుకలో మాత్రం ఈ ‘కి, కు’లే చతుర్థి పని కూడా చేసేస్తున్నాయి. చిక్కంతా ఇక్కడే!

ఒక్క ‘కి’... ఎన్ని వేషాలో!

* మాచర్లకి వెళ్లాడు: ఇక్కడ ‘టు’.
* పదింటికి బస్సు: ‘ఎట్’.
* సోమవారానికి పూర్తిచేస్తా: ‘బై’.
* జ్వరానికి మందు: ‘ఫర్’.
* నాకు ఇద్దరు చెల్లెళ్లు: ఏదీ అక్కర్లేదు. ‘ఐ హావ్ టూ సిస్టర్స్’ అంటే చాలు.

పల్నాటి కథనే తీసుకోండి. ‘బాలచంద్రుడు మాంచాలకు చెప్పి, యుద్ధానికి కారెంపూడికి వెళ్లాడు.’ వాక్యంలో ‘కి, కు’లు మూడు. ఇంగ్లిషులోకి వెళితే ‘టోల్డ్ మాంచాల’లో ఏమీ ఉండదు. ‘టు కారెంపూడి’లో ‘టు’ వస్తుంది. ‘ఫర్ ద బ్యాటిల్’లో ‘ఫర్’ వస్తుంది. మూడుచోట్లా ‘టు’ వేస్తే రెండు తప్పులన్నమాట!

ఎక్కడ వద్దు? ఎక్కడ ముద్దు?

‘రీచ్’లోనే ‘కి’ దాగి ఉంది. కాబట్టి ‘రీచ్‌డ్ టు మాచర్ల’ తప్పు. ‘రీచ్‌డ్ మాచర్ల’ ఒప్పు. ‘గో టు హోమ్’ కాదు, ‘గో హోమ్’. నాన్నకు చెప్పానంటే ‘టోల్డ్ మై ఫాదర్’. అదే ‘సెడ్’ అయితే ‘టు’ తప్పనిసరి. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అనేస్తుంటారు చాలామంది. అక్కడ ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ అనాలి. మనకు పెళ్లి ఒకరి‘తో’ జరిగితే, ఇంగ్లిషులో ‘మేరీడ్ టు’. మనం ‘కంటే’ అనేచోట సీనియర్, జూనియర్, సుపీరియర్ ‘టు’నే కోరతాయి. అవి లాటిన్ నుంచి వచ్చిన మాటలు మరి!

ఉద్యోగ దరఖాస్తు చివర రాసే ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఇక్కడి ‘టు’ ప్రిపొజిషన్. అందుకే తర్వాత ‘మీట్’ కాదు, ‘మీటింగ్’ రావాలి. ‘ఐ వాంట్ టు మీట్’లోని ‘టు’ క్రియకు తోడు వచ్చిందే తప్ప ప్రిపొజిషన్ కాదు. గేటు మీది ‘టు-లెట్’ కూడా ఈ రెండో రకమే. అద్దెకు ఇవ్వడానికి అని!

జంటగా నేర్చుకుంటే...

ప్రిపొజిషన్లను విడిగా బట్టీపడితే గుర్తుండవు. ‘మేరీడ్ టు’, ‘సీనియర్ టు’, ‘లిజన్ టు’, ‘బిలాంగ్ టు’... ఇలా జంటలుగా ఓ నోటుపుస్తకంలో రాసుకోవాలి. రోజుకు అయిదు జంటలు, ఒక్కోదానికి సొంత ఊరి పేరుతోనో, ఇంట్లోవాళ్ల పేరుతోనో ఒక వాక్యం. నెల తిరిగేసరికి నూటయాభై జంటలవుతాయి.

పిల్లలు తప్పు మాట్లాడితే పెద్దలు నవ్వకుండా ఉంటే అదే సగం బలం. పరీక్షలో అయితే మార్కు పోవచ్చుగానీ, మాటల్లో ‘రీచ్‌డ్ టు మాచర్ల’ అన్నా వినేవాళ్లకు మాచర్ల చేరినట్టే అర్థమవుతుంది. ముందు నోరు కదలాలి. ‘టు’ మెల్లగా దాని చోటికి అదే వస్తుంది!