షుగర్, యూరిక్ యాసిడ్: ఒకదానికొకటి ఏమవుతాయి?

షుగర్ వ్యాధి గురించి ఇప్పుడు ఎవరికీ కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉంది. మరో 13 కోట్ల 60 లక్షలమంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఇక ల్యాబ్‌లు ఇచ్చే ‘ప్యాకేజీ’ రిపోర్టుల్లో షుగర్‌తో పాటు యూరిక్ యాసిడ్ అనే వరుస కూడా కనిపిస్తోంది. ఆ అంకె పక్కన ‘ఎక్కువ’ అని ఉంటే చాలు, ఇంట్లో కంగారు మొదలవుతుంది.

ఆ కంగారులో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, పప్పు మానేసి, ఎవరో చెప్పిన మాత్ర కొనుక్కుని వేసుకోవడం. రెండోది ఇంకా ప్రమాదకరం. షుగర్ మందు మొదలుపెట్టాక షుగర్ తగ్గి, యూరిక్ యాసిడ్ పెరిగినట్లు రిపోర్టు వస్తే, ‘ఈ మందు పడలేదు’ అనుకుని దాన్నే ఆపేయడం. ఈ రెండింటి సంబంధం తెలిస్తే ఆ పొరపాట్లు జరగవు.

యూరిక్ యాసిడ్ అంటే ఏమిటి?

శరీరంలోని ప్రతి కణంలోనూ ప్యూరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. పాత కణాలు విరిగిపోయినప్పుడు, మనం తిన్న మాంసం, చేపలు అరిగినప్పుడు ఆ ప్యూరిన్లు చివరకు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. మన ఫ్యాక్టరీల భాషలో చెప్పాలంటే, బాయిలర్‌లో బొగ్గు కాలాక మిగిలే బూడిద లాంటిది ఇది. బూడిద రావడం తప్పు కాదు, ఎప్పటికప్పుడు ఎత్తిపోయకపోతేనే చిక్కు. చాలా జంతువుల్లో దీన్ని ఇంకా విడగొట్టే ఎంజైము ఉంది, మనుషుల్లో అది పనిచేయదు. అందుకే మూడింట రెండు వంతులను మూత్రపిండాలు, మిగిలినదాన్ని పేగులు బయటికి పంపాలి.

సాధారణంగా 100 మిల్లీలీటర్ల రక్తంలో మగవారికి 7, ఆడవారికి 6 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అంటారు. హద్దు దాటిన యూరిక్ యాసిడ్ రక్తంలో కరగలేక సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్లలో చేరవచ్చు. రాత్రికి రాత్రే కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి వస్తుంది. అదే గౌట్. యునానీ హకీములు దీన్నే నిఖ్రిస్ అంటారు. వారు వాడే సురంజాన్ జాతి మొక్కల నుంచే నేడు డాక్టర్లు గౌట్‌కు ఇచ్చే కాల్చిసిన్ వచ్చింది. అయితే అంకె ఎక్కువగా ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం గౌట్ రాదు.

షుగర్‌తో ముడి ఎక్కడ?

టైప్-2 షుగర్ ఒక్కరోజులో రాదు. ముందు శరీరం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. అప్పుడు క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఈ అధిక ఇన్సులిన్ మూత్రపిండాలపై పనిచేసి, బయటికి పోవలసిన యూరిక్ యాసిడ్‌ను తిరిగి రక్తంలోకి పీల్చుకునేలా చేస్తుంది. అందువల్ల పొట్ట పెరిగి, బీపీ మొదలై, షుగర్ ఇంకా హద్దు మీద ఉన్న మనిషిలో యూరిక్ యాసిడ్ ముందే పెరిగి ఉండవచ్చు.

షుగర్ బాగా పెరిగాక కథ తిరగబడుతుంది. రక్తంలో గ్లూకోజ్ దాదాపు 180 దాటితే మూత్రంలోకి దిగడం మొదలవుతుంది. అలా పోతూ యూరిక్ యాసిడ్‌ను కూడా వెంట తీసుకుపోతుంది. కాబట్టి అదుపు తప్పిన షుగర్ ఉన్నవారి రిపోర్టులో యూరిక్ యాసిడ్ తక్కువగా ఉండవచ్చు. అది ఆరోగ్యం కాదు. కట్ట తెగిన చెరువులో నీటిమట్టం తగ్గినట్లు. మందులతో షుగర్ అదుపులోకి వస్తే ఆ గండి పూడుతుంది, యూరిక్ యాసిడ్ కాస్త పెరుగుతుంది. అది మందు చెడు చేస్తున్నట్లు కాదు, షుగర్ మూత్రంలో పోవడం ఆగిందని గుర్తు. మందు ఆపకుండా రిపోర్టును డాక్టరుకు చూపించాలి.

ఏళ్ల తరబడి షుగర్ ఉండి మూత్రపిండాలు దెబ్బతింటే యూరిక్ యాసిడ్ మళ్లీ పెరుగుతుంది. ఈసారి కారణం వేరు, ఎత్తిపోసే యంత్రమే అరిగిపోయింది. ఒకే అంకెకు ఒక్కొక్కరిలో ఒక్కో అర్థం ఉండేది ఇందుకే. మరో ముడి కూడా ఉంది. టైప్-2 షుగర్ ఉన్నవారి మూత్రంలో ఆమ్లత్వం ఎక్కువ కాబట్టి వారికి యూరిక్ యాసిడ్ రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ.

యూరిక్ యాసిడ్ తగ్గిస్తే షుగర్ పోతుందా?

పోతుందనడానికి ఆధారం లేదు. ఈ రెండూ కలిసి కనిపించడానికి అధిక బరువు, ఇన్సులిన్ పనిచేయకపోవడం వంటి ఉమ్మడి కారణాలే ముఖ్యం. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, టైప్-1 షుగర్‌తో మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైనవారికి మూడేళ్లపాటు అల్లోప్యూరినాల్ మాత్ర ఇచ్చారు. యూరిక్ యాసిడ్ తగ్గింది గానీ మూత్రపిండాలు దెబ్బతినే వేగం తగ్గలేదు. ఈ మాత్ర గౌట్ ఉన్నవారికి మేలైన మందే. కానీ కొద్దిమందిలో చర్మంపై ప్రాణాంతకమైన దుష్ఫలితం తెస్తుంది. డాక్టరు చెప్పకుండా, కేవలం అంకె చూసి వేసుకోకూడదు. నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోలీలతో కూడా జాగ్రత్త. డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు, స్టెరాయిడ్లు షుగర్‌ను అమాంతం పెంచుతాయి. బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలి.

పళ్లెంలో ఏముండాలి?

ముందుగా పప్పును నిర్దోషిగా విడుదల చేయాలి. కంది, శనగ, పెసరల్లో ప్యూరిన్లు కొంత ఉన్నా, వాటివల్ల గౌట్ ముప్పు పెరుగుతున్నట్లు అధ్యయనాల్లో కనిపించలేదు. తగ్గించవలసినవి కలేజీ, గుర్దా వంటి అవయవ మాంసాలు, అతిగా తినే మటన్, అన్నిటికన్నా ముందు కూల్‌డ్రింకులు. పంచదారలో ఉండే ఫ్రక్టోజ్ కాలేయంలో యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, పక్కనే ఉన్న గ్లూకోజ్ షుగర్‌ను పెంచుతుంది. ఒకే గ్లాసుతో రెండు దెబ్బలు. మజ్జిగ రెండింటికీ మంచిది.

మన మెదక్ ప్రాంతపు జొన్న రొట్టెను మళ్లీ పళ్లెంలోకి తెచ్చుకోవాలి. 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్ పరిశోధిస్తున్న పంటల్లో జొన్న, సజ్జ, కంది, శనగ ఉన్నాయి. ఆ సంస్థ ఆధ్వర్యంలో 65 అధ్యయనాలను పరిశీలించి 2021లో వెలువరించిన సమీక్ష, చిరుధాన్యాలు షుగర్ అదుపునకు తోడ్పడతాయని తేల్చింది.

ఎండ, డ్యూటీ, రంజాన్

పాశమైలారం, బొల్లారం వైపు బాయిలర్ల దగ్గర, ఫర్నేసుల దగ్గర పనిచేసేవారికి చెమట ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడి యూరిక్ యాసిడ్ పేరుకుంటుంది. అలాంటి చోట మంచినీళ్లు అందుబాటులో ఉంచడం కూడా వైద్యమే. అయితే గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత నీరు తాగాలో డాక్టరును అడగాలి.

రంజాన్‌లో షుగర్ ఉన్నవారు నెల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. రోజాలో ఉండగా షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలన్నది వైద్య నియమం. రోగులకు మినహాయింపు ఖుర్‌ఆన్‌లోనే ఉంది. ఇఫ్తార్‌లో తీపి షర్బత్ బదులు నీళ్లు, మజ్జిగ, గిన్నె నిండా హలీం బదులు నాలుగు చెంచాలు చాలు.

మన శిబిరాల డబ్బు ఎలా ఖర్చు కావాలి?

దాతలు ఆలోచించవలసిన విషయం ఇది. ఉచిత వైద్య శిబిరంలో పరీక్షల జాబితా ఎంత పొడుగ్గా ఉంటే అంత మేలని అనిపిస్తుంది. కానీ అందరికీ యూరిక్ యాసిడ్ పరీక్ష చేయించడం కన్నా, షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ బీపీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడడం ముఖ్యం. మూత్రపిండాల దెబ్బను తొలిదశలోనే పట్టిచ్చేది ఆ చివరి పరీక్షే. కీళ్లవాపు, రాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి యూరిక్ యాసిడ్ పరీక్ష కూడా చేయిస్తే సరిపోతుంది.

ప్రభుత్వం ఇచ్చేదానికి మనం మళ్లీ డబ్బు పెట్టనక్కర్లేదు. తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కింద ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చినవారికి రక్తపరీక్షలు ఉచితం. ఈఎస్ఐ కార్డున్న కార్మికులకు, వారి కుటుంబాలకు డిస్పెన్సరీల్లో వైద్యం అందుతుంది. కార్డు లేని రోజుకూలీలు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు, ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోయేవారు, వీరికే మన సాయం కావాలి. వెయ్యిమందికి ఒకసారి పరీక్ష చేసి కాగితం చేతికివ్వడం సులువు. రెండువందలమందిని ఎంచుకుని మూడు నెలలకోసారి పిలిచి, రిపోర్టు అర్థమయ్యేలా చెప్పి, మందు ఆగకుండా చూడడం కష్టం. డయాలిసిస్ దాకా వెళ్లిన కుటుంబానికి చందాలు పోగుచేయడం కన్నా, అక్కడిదాకా వెళ్లకుండా ఆపడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. మన సొసైటీ వచ్చే ఏడాది ఆ కష్టమైన పనినే ఎంచుకోవాలని నా మనవి.