పెల్లెట్ గ్రిల్ మీద లాంబ్ బర్గర్: రంగు చూసి నమ్మకండి

(వారాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

ఎండాకాలం వచ్చిందంటే చాలు, మన డాలస్ చుట్టుపక్కల ప్రతి పెరట్లోంచీ పొగ లేస్తుంది. ఈమధ్య మనవాళ్ళ ఇళ్ళలో గ్యాస్ గ్రిల్ పక్కన పెల్లెట్ గ్రిల్ కూడా వచ్చి చేరుతోంది. కొన్నవాళ్ళు మొదటిరోజు చికెన్ కాలుస్తారు, రెండోరోజు మొక్కజొన్న పొత్తులు. మూడోరోజుకి పిల్లలు బర్గర్ కావాలంటారు. గొడ్డుమాంసం తినని ఇళ్ళలో మాంసం బర్గర్ అంటే లాంబ్‌తో చెయ్యవలసిందే. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. రుచి సంగతులు కొన్ని చెబుతాను గానీ, ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పొగబెట్టిన బర్గర్ ఉడికిందో లేదో కంటితో చూసి తేల్చడం కుదరదు. ఎందుకు కుదరదో వివరంగా చెబుతాను.

ముందు యంత్రం సంగతి. 1980లలో ఒరెగాన్ రాష్ట్రంలో మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్ళో ట్రేగర్ అనే కుటుంబం దీన్ని తయారుచేసింది. ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి వాడే చెక్క గుళికల పొయ్యిని వంటకి మలిచారన్నమాట. పక్కనున్న తొట్టిలో పెల్లెట్లు పోస్తాం. పెల్లెట్ అంటే రంపపుపొట్టుని గట్టిగా అదిమి చేసిన, విరిగిన సుద్దముక్క లాంటి గుళిక. మోటారుతో తిరిగే మర ఒకటి వాటిని కొద్దికొద్దిగా అడుగునున్న నిప్పుగిన్నెలోకి తోస్తుంది. అక్కడ ఒక కడ్డీ వేడెక్కి వాటిని అంటిస్తుంది, చిన్న ఫ్యాను గాలి విసురుతుంది. ఎప్పుడు ఎన్ని గుళికలు వెయ్యాలో కంట్రోలర్ లెక్క చూసుకుంటుంది. ప్రోగ్రాములు రాసుకుని బతికే మాబోటివాళ్ళకి ఇది తెగ నచ్చడంలో వింతలేదు. అయితే ఆ తెరమీద కనిపించే 225 అన్న అంకె పెట్టెలో ఒకచోట ఉన్న గాలి వేడి. మాంసం వేడి కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఈ పొయ్యికి ఇంకో లక్షణం ఉంది. వేడి తగ్గించినప్పుడే పొగ ఎక్కువ. 180 నుంచి 225 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య గుళికలు మగ్గుతూ కాలతాయి, పొగ బాగా వస్తుంది. 400 దాటిందంటే అవి శుభ్రంగా మండిపోతాయి, పొగ దాదాపు ఉండదు. కాబట్టి మొదటినుంచీ పెద్ద మంట మీద పెట్టేస్తే గ్యాస్ గ్రిల్ మీద చేసిన దానికీ దీనికీ పెద్ద తేడా తెలియదు.

కర్ర విషయానికొస్తే, లాంబ్‌కి చెర్రీ గానీ ఓక్ గానీ బాగుంటుందని నా అభిప్రాయం. టెక్సాస్ వాళ్ళకి మెస్కీట్ అంటే ప్రాణం. ఈ మెస్కీట్ మనకి కొత్తదేమీ కాదు. మన ఊళ్ళలో చెరువు గట్ల మీద, బీళ్ళలో అడవిలా అల్లుకుపోయే సర్కారు తుమ్మ దీనికి దగ్గర చుట్టమే. ఘాటు పొగ. అసలే వాసనగల లాంబ్ మీద అది కాస్త ఎక్కువవుతుంది. అన్నట్టు, ఇల్లు వెచ్చబెట్టే పొయ్యిల కోసం అమ్మే పెల్లెట్లు చవకగా వస్తున్నాయని కొనకండి. వాటిలో ఏ కర్ర ఉందో, ఏం కలిపారో తెలియదు. వంటకని రాసి ఉన్న బస్తాయే తీసుకోండి.

ఇక మాంసం. లాంబ్ అంటే సాధారణంగా ఏడాది లోపు గొర్రె. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి వచ్చేది ఎక్కువగా గడ్డి మేసి పెరిగినది, వాసన కొంచెం గట్టిగా ఉంటుంది. అమెరికాలో పెంచినదానికి చాలావరకు చివర్లో గింజలు పెడతారు కనుక వాసన తక్కువ, మాంసం మెత్తన. ఆ ప్రత్యేకమైన వాసనంతా కొవ్వులోనే ఉంటుంది. అలాగని కొవ్వు తీసేయించకండి. హలాల్ కొట్లో మనం ఖీమా అడిగితే (మా కోస్తావైపు కైమా అంటాం) కూరకి కదా అని కొవ్వంతా తీసి కొట్టిస్తారు. బర్గర్‌కి భుజం ముక్క, ఐదో వంతు కొవ్వు ఉండేట్టు, ఒక్కసారే కొట్టమని చెప్పండి. ఇంటికి తెచ్చాక కడగకండి. ఖీమా కడగడం మనకి అలవాటు గానీ, దానివల్ల సింకు చుట్టూ క్రిములు చిందడం తప్ప మాంసం శుభ్రపడదు.

రెండు పౌన్ల మాంసానికి ఆరు ప్యాటీలు వస్తాయి. ముప్పావు అంగుళం మందం, నడుమ బొటనవేలితో చిన్న గుంట. పిండి పిసికినట్టు పిసకకూడదు. ఉప్పు లోపల కలపకూడదు, పైన చల్లాలి, అదీ గ్రిల్ మీద పెట్టే ముందే. ఉప్పు ముందుగా కలిస్తే మాంసకృత్తులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, తింటుంటే రబ్బరులా సాగుతుంది. షామీ కబాబుకి సెనగపప్పు కలిపి రుబ్బుతాం, అక్కడ అతుక్కోవడమే కావాలి. ఇక్కడ పొడిపొడిగా విడిపోవడం కావాలి.

అల్లం వెల్లుల్లి ముద్ద కలపనా అని చాలామంది అడుగుతారు. వద్దు. పచ్చి అల్లంలో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది. వేడి బాగా పెరిగితే అది చచ్చిపోతుంది గానీ, గోరువెచ్చని దశలో చాలా చురుగ్గా పనిచేస్తుంది. పెనం మీద కబాబు ఆ దశని నిమిషాల్లో దాటేస్తుంది. పొగలో మన ప్యాటీ ఆ దశలో చాలాసేపు కూర్చుంటుంది. ఫలితం ముద్ద ముద్దగా, పేస్టులాగా. మిరియాలు, వేయించిన జీలకర్ర పొడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి చాలు. మనవాళ్ళు ఖీమా మధ్యలో నిప్పు కణిక పెట్టి, నెయ్యి చుక్క వేసి మూతపెట్టే దుంగార్ ఉంది కదా, అక్కడ ఐదు నిమిషాల పొగ మసాలాల మధ్య నుంచి లీలగా తగులుతుంది. ఇక్కడ పొగే అసలు మసాలా, దానికి పోటీ పెట్టకూడదు.

ప్యాటీలని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా 225 డిగ్రీల గ్రిల్‌లో పెట్టండి. చల్లగా, తడిగా ఉన్న మాంసానికి పొగ బాగా పడుతుంది. ముప్పావు గంటలోపే లోపలి వేడి 130 దాకా వస్తుంది. ఇప్పుడు ఒక ప్యాటీ తుంచి చూస్తే లోపల గులాబి రంగు కనిపిస్తుంది. అది పచ్చిదనమా, పొగ తెచ్చిన రంగా? చూసి చెప్పలేరు. కర్ర కాలినప్పుడు వచ్చే నైట్రోజన్ వాయువులు, కార్బన్ మోనాక్సైడు మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిసి గులాబి రంగుని పట్టి ఉంచేస్తాయి. ఎంత ఉడికినా అది పోదు. పెద్ద బ్రిస్కెట్‌లో ఈ రంగు అంచున ఒక వలయంలా కనిపిస్తుంది, దాన్ని స్మోక్ రింగ్ అని మెచ్చుకుంటారు. ముప్పావు అంగుళం ప్యాటీలో రెండువైపులనుంచీ వలయాలు వచ్చి నడుమ కలిసిపోవచ్చు. అంటే పూర్తిగా ఉడికినది కూడా పచ్చిగా కనబడుతుంది. దీనికి తిరగబడిన ప్రమాదం కూడా ఉంది. కొన్నిసార్లు కొట్టిన మాంసం ఇంకా ఉడకకముందే గోధుమరంగుకి తిరుగుతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ రంగుని నమ్మవద్దనే చెబుతుంది. దాని లెక్క ప్రకారం కొట్టిన మాంసం నడుమ 160 డిగ్రీలు రావాలి, అంటే 71 సెల్సియస్.

లాంబ్ చాప్స్ 145కే తింటాం కదా, దీనికెందుకంత అంటారేమో. ముక్కగా ఉన్న మాంసానికి క్రిములు సాధారణంగా పైపైనే ఉంటాయి, పైన కాలితే పోతాయి. ఖీమా కొట్టేటప్పుడు పైనున్నదంతా లోపలికి చేరిపోతుంది. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల ఏడువందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఈ.కోలై ఓ157:హెచ్7. అది గొడ్డుమాంసం కథ కదా అనుకోవద్దు, ఈ జాతి క్రిములు గొర్రెల పేగుల్లోనూ ఉంటాయి. చిన్నపిల్లల్లో ఇది మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. మన విందుల్లో మూడేళ్ళ పిల్లలుంటారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటారు, నెలలు నిండుతున్న ఆడపిల్లలు ఉంటారు. పదిహేను ఇరవై డాలర్లు పెడితే వెంటనే అంకె చూపించే థర్మామీటరు వస్తుంది. దాన్ని ప్యాటీ పైనుంచి కాదు, పక్కనుంచి నడుమకి గుచ్చాలి. అన్ని ప్యాటీలకీ గుచ్చాలి, ఎందుకంటే గ్రిల్‌లో ఒక మూల వేడిగా ఇంకో మూల చల్లగా ఉంటుంది. ఐసు ముక్కలు నిండుగా వేసిన నీళ్ళలో పెడితే అది 32 చూపించాలి.

130 నుంచి 160 దాకా తీసుకువెళ్ళడానికి గ్రిల్ వేడి 450కి పెంచమని చాలామంది చెబుతారు. నాకది ఇష్టం లేదు. అప్పటిదాకా కారిన లాంబ్ కొవ్వంతా కింద పళ్ళెంలో ఉంటుంది, ఒక్కసారిగా వేడి పెంచితే అంటుకోవచ్చు. అంటుకుంటే మూత తెరవకూడదు, నీళ్ళు అసలే పొయ్యకూడదు. మూత మూసి, గ్రిల్ కట్టేసి, దూరంగా ఉండాలి. దీనికంటే మన ఇనప దోసెల పెనం మేలు. పొయ్యి మీద ముందే బాగా కాల్చి ఉంచుకుని, ప్యాటీలు గ్రిల్‌లోంచి తీసిన వెంటనే దానిమీద వెయ్యాలి. మధ్యలో పక్కన పెట్టి వేరే పని చూసుకోకూడదు. ఒక్కోవైపు రెండు నిమిషాలు. పైన కరకరలాడే పొర వస్తుంది, లోపల 160 వస్తుంది. పచ్చి ప్యాటీలు తెచ్చిన పళ్ళెంలోకి వీటిని తియ్యవద్దు.

వేడివేడిగా తినాలి. లాంబ్ కొవ్వు చల్లారితే తొందరగా గడ్డకట్టి అంగిలికి మైనంలా అంటుకుంటుంది. బన్ను వెన్నతో కాల్చి, ఉల్లిపాయ చక్రాలు, పుదీనా కలిపిన గట్టి పెరుగు పెట్టండి. చీజ్, కెచప్ మీ ఇష్టం. నేనైతే గోంగూర పచ్చడి రాస్తాను. గోంగూర మాంసం రుచి తెలిసినవాళ్ళకి కారణం చెప్పనక్కర్లేదు, కొవ్వుని ఆ పులుపు కోసినట్టు ఇంకేదీ కొయ్యదు.

చివరిగా ఒక మాట. గ్రిల్ ఎప్పుడూ ఆరుబయటే వాడండి. వాన పడుతోందని గరాజులోకి లాగారో, కార్బన్ మోనాక్సైడు వాసనైనా రాకుండా ప్రాణం తీస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో చాలాచోట్ల అనుమతి ఉండదు, లీజు కాగితం చూసుకోండి. పని అయ్యాక తొట్టిలో మిగిలిన పెల్లెట్లు తీసి మూతగల డబ్బాలో పోసుకోండి. తేమ తగిలితే మళ్ళీ రంపపుపొట్టయిపోయి, మరలో ఇరుక్కుని, వచ్చేవారం మోటారు తిరగదు.